బలవంతులు సింహాసనం దిగిన రోజు మనమేం చేయాలి?



ధ్యానించుటకు: 1 రాజులు 12:1–24, యెహెజ్కేలు 18, లూకా 1:46–55

కిందటి యవ్వనస్తుల కూడికలో ఒక తమ్ముడు లేచి ఒక ప్రశ్న అడిగాడు. "అయ్యగారూ, బలవంతుల్ని దేవుడే గద్దె మీద నుంచి పడదోస్తాడని మరియమ్మ గారు పాడారు కదండి. మరి జనాన్ని పీడించిన రాజును జనమే దించేసి చంపేస్తే తప్పేముందండి?" తొమ్మిదో తరగతిలో ఫ్రెంచి విప్లవం పాఠం చదివాను, అక్కడ అలాగే చేశారు కదా అన్నాడు. ఆ రోజు టైము అయిపోయి మేము సగమే జవాబు చెప్పాము. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాము.

ఆ ప్రశ్న పాఠం పుస్తకంలోంచి వచ్చింది కాదని మాకు తెలుసు. ఎన్నికల ఫలితాలు వచ్చిన రాత్రి మన చుట్టుపక్కల ఒక ఊళ్లో ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. ఏళ్ల తరబడి ఆ ఊళ్లో ఒకాయన మాటే చట్టం. ఇళ్ల స్థలాల జాబితాలో ఎవరి పేరుండాలో, ఎవరిది ఉండకూడదో ఆయన అరుగు మీదే తేలేది. ఆ రాత్రి ఆయన పక్షం ఓడిపోయింది. గెలిచినవాళ్లు డప్పులతో, బాణసంచాతో ఆయన ఇంటి ముందు అర్ధరాత్రి దాకా గంతులేశారు. గేటు ఊడింది, అరుగు మీది కుర్చీలు విరిగాయి. లోపల ఆయన ముసలి తల్లి, బడికి వెళ్లే మనవరాలు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. గంతులేసినవారిలో మన సంఘం పిల్లలు నలుగురున్నారు. ప్రశ్న అడిగిన తమ్ముడు ఆ నలుగురిలో ఒకడు. అతని తల్లి భర్త పోయిన మనిషి, ఇంటిస్థలం కోసం ఆ అరుగు చుట్టూ ఆరేళ్లు తిరిగింది. అతని అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాము.

కాబట్టి ఇది ఎక్కడో దూరదేశపు రాజు సంగతి కాదు. అయినా ఆ రాజు దగ్గర నుంచే మొదలుపెడదాం.

యానాం మీద ఎగిరిన జెండా

ఫ్రాన్సు మనకు దూరమనుకుంటాం. ద్రాక్షారామం నుంచి యానాం ఎంత దూరం? ఇరవై, పాతిక కిలోమీటర్లు. 1723లో ఫ్రెంచివారు అక్కడ వర్తకం మొదలుపెట్టారు. మధ్యమధ్య ఇంగ్లీషువారు లాక్కున్న సంవత్సరాలు పోను, 1954 వరకు ఆ ఊరు వారిదే. అంటే 16వ లూయీ ఫ్రాన్సును ఏలిన రోజుల్లో మన గోదావరి ఒడ్డున ఒక ఊరికి కూడా ఆయనే రాజు.

1789 జూలై 14న పారిస్ జనం బాస్టిల్ కోటను పట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో యానాం పక్కనున్న కోరంగిని ఉప్పెన ముంచింది, వేలమంది కొట్టుకుపోయారు. ఆ వెనకే ఉత్తర సర్కారుల మీద కరువు పడింది. గింజ కోసం వెతుక్కుంటున్న మన పూర్వికులకు పారిస్ సంగతులు ఏం తెలుస్తాయి? కానీ 1793 జనవరి 21న అక్కడ రాజు తల తెగింది. ఫిబ్రవరి 1న ఫ్రాన్సు ఇంగ్లండు మీద యుద్ధం ప్రకటించింది. ఆ యుద్ధం సముద్రం దాటి ఇక్కడికి వచ్చింది. ఆగస్టుకల్లా పాండిచ్చేరి ఇంగ్లీషువారి వశమైంది, యానాం కూడా వారి చేతికే పోయింది. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు.

రెహబాము చేసిన తప్పు

ఇప్పుడు బైబిలు తెరవండి. సొలొమోను చనిపోయాక జనమంతా షెకెములో కూడారు. అతని కొడుకు రెహబామును రాజును చేయడానికే వచ్చారు, దించడానికి కాదు. అడిగింది ఒక్కటే: మీ నాయన మా మీద పెట్టిన కాడి బరువైనది, కాస్త తేలిక చేయండి, మీకు లోబడి ఉంటాము. పెద్దలు రాజుకు మంచి సలహా ఇచ్చారు, ఇవాళ నువ్వు వీరికి సేవకుడివైతే వీరు ఎప్పటికీ నీకు సేవకులవుతారని. తనతో పెరిగిన కుర్రవాళ్లు మాత్రం ఇంకా గట్టిగా బెదిరించమన్నారు. అతను వారి మాటే విన్నాడు. తర్వాత వెట్టిపని మీద అధికారిగా ఉన్న అదోరామును పంపితే జనం రాళ్లతో కొట్టి చంపారు. రాజు రథమెక్కి యెరూషలేముకు పారిపోయాడు.

లూయీ కథ చదువుతుంటే ఇదే గుర్తొస్తుంది. 1774లో 19 ఏళ్ల వయసులో గద్దెనెక్కాడు. క్రూరుడని పేరున్నవాడు కాదు, గట్టి నిర్ణయం తీసుకోలేని మనిషి. అమెరికా యుద్ధానికి సాయం చేసి దేశాన్ని అప్పుల్లో ముంచాడు. పన్నుల బరువంతా మోసింది సామాన్యులే. ఉప్పు మీద కూడా భారీ పన్ను ఉండేది, చాలా ప్రాంతాల్లో అవసరమున్నా లేకపోయినా ఇంత ఉప్పు కొనాల్సిందేనని నిర్బంధం. ఉప్పు పన్ను అంటే ఏమిటో గాంధీగారి దండి యాత్ర విన్న మనకు వేరే చెప్పనక్కర్లేదు. 1788 జూలైలో వడగండ్ల వాన పంటల్ని కొట్టేసింది, ఆ తర్వాత చలికాలం గడ్డుగా గడిచింది, రొట్టె ధర కూలివాడికి అందకుండా పోయింది. ప్రభువులకూ మతాధికారులకూ మాత్రం చాలా పన్నుల నుంచి మినహాయింపు.

ఇక్కడ మాలాంటి కాపరులం తల దించుకోవాలి. ఆ దేశపు భూమిలో దాదాపు పదో వంతు చర్చి చేతిలో ఉండేది. దశమభాగం పేరుతో పేదవాడి గింజల్లోంచి వాటా పోయేది. పెద్ద పెద్ద బిషప్పులంతా ప్రభువుల కుటుంబాల నుంచి వచ్చినవారే. పల్లెలో పేదల మధ్య పేదగా బతికిన ఫాదిరీలు లేకపోలేదు, కానీ చర్చి పెద్దలు రాజు పక్కనే నిలబడ్డారు. నాతాను దావీదును వేలెత్తి గద్దించినట్టు గద్దించాల్సినవారు ఆ మాట అనలేదు. జనం కోపం రాజుతో ఆగకుండా గుడిగంట దాకా వచ్చిందంటే అందులో మన పాపమూ ఉంది.

1789 మొదట్లో రాజే ఊరూరా ఫిర్యాదులు రాసి పంపమన్నాడు. పల్లెల నుంచి వేల సంఖ్యలో ఫిర్యాదుల పుస్తకాలు వచ్చాయి. వాటిలో రాజు వద్దన్నవి కాదు, కాడి తేలిక చేయమన్నవే దాదాపు అన్నీ. షెకెములో అడిగిన మాటే! కానీ ఆయన ఒకరోజు పెద్దల మాట, ఒకరోజు దర్బారువాళ్ల మాట విన్నాడు. జనం నమ్మకం పెట్టుకున్న మంత్రి నెక్కర్‌ను జూలై 11న తీసేశాడు, మూడు రోజులకే బాస్టిల్ కూలింది. 1791 జూన్‌లో నౌకరు వేషం వేసుకుని కుటుంబంతో పారిపోబోయి వరెన్ అనే చిన్న ఊళ్లో దొరికిపోయాడు. రెహబాము రథం యెరూషలేము చేరింది గానీ లూయీ బండి చేరాల్సిన చోటికి చేరలేదు. 1792 ఆగస్టు 10న జనం రాజభవనం మీద పడ్డారు, సెప్టెంబరు 21న రాజరికాన్ని రద్దు చేశారు.

ఇంతవరకూ జరిగినదానిలో దేవుని న్యాయపు హస్తం మేము చూస్తున్నాము. గద్దె దిగిపోవడమే అన్యాయమని మేము చెప్పడం లేదు. రోమా పత్రిక 13వ అధ్యాయం చూపించి, పాలకులు ఏం చేసినా నోరెత్తకూడదని బోధించేవారున్నారు. అది సగం చదువు. అదే అధ్యాయం పాలకుణ్ణి దేవుని పరిచారకుడని పిలుస్తోంది. పరిచారకుడంటే యజమాని కాదు, లెక్క చెప్పాల్సినవాడు.

ఒకే సభ, మూడు కుర్చీలు

ఆ సంవత్సరం చివర్లో రాజును విచారణకు నిలబెట్టారు. భవనం గోడలో దాచిన ఇనుప బీరువాలో కాగితాలు దొరికాయి. విప్లవాన్ని ఒప్పుకున్నట్టు పైకి ప్రమాణం చేస్తూనే లోలోపల దానికి వ్యతిరేకంగా ఆయన నడిపిన మంతనాలు అందులో బయటపడ్డాయి. కాబట్టి ఆయన తప్పు లేనివాడని మేము అనము.

కానీ ఆయన మీద నేరం మోపింది కన్వెన్షన్ అనే సభ. విచారించింది అదే సభ. శిక్ష వేసిందీ అదే. ఫిర్యాదిదారు, సాక్షి, జడ్జి మూడు కుర్చీల్లోనూ ఒకరే కూర్చుంటే దాన్ని మనం కోర్టు అంటామా? కొందరు సభ్యులైతే విచారణ కూడా అనవసరం, రాజుగా ఉండటమే నేరం అన్నారు. ఓటింగులో 721 మంది పాల్గొంటే షరతు లేకుండా మరణం అన్నవారు 361 మంది, సగం దాటడానికి సరిగ్గా కావలసినంతమంది. శిక్ష వాయిదా వేద్దామా అని మళ్లీ అడిగితే 310 మంది వేద్దామన్నారు, 380 మంది వద్దన్నారు. మరణానికి ఓటు వేసినవారిలో రాజు సొంత బంధువు ఓర్లియన్స్ ప్రభువు కూడా ఉన్నాడు. అదే ఏడాది నవంబరులో ఆయన తల కూడా అదే యంత్రం కింద తెగింది.

జనవరి 21 ఉదయం వేదిక మీద రాజు మాట్లాడబోయాడు. తన మీద మోపిన నేరాలకు తాను నిర్దోషినన్నాడు. తన చావుకు కారకులైనవారిని క్షమిస్తున్నానన్నాడు. తన రక్తం ఫ్రాన్సు మీద పడకూడదని కోరుకున్నాడు. ఇంకా చెప్పబోతుంటే డప్పులు మోగించమని ఆజ్ఞ వచ్చింది. ఆ మోతలో ఆయన గొంతు మునిగిపోయింది. వయసు 38 ఏళ్లు.

దానికి నెల ముందు, 1792 క్రిస్మస్ రోజున, ఆయన జైల్లో వీలునామా రాశాడు. శత్రువుల్ని క్షమించాడు. తన కొడుక్కి ఎప్పుడైనా రాజయ్యే దురదృష్టం పడితే పగలన్నీ మరచిపోవాలనీ, ప్రజల మేలుకే బతకాలనీ అందులో చెప్పాడు. ప్రియులారా, షెకెములో ఆ పెద్దలు మొదటి రోజే చెప్పిన మాట ఇది. లూయీకి అది చివరి నెలలో తెలిసింది. సింహాసనం మీద వినబడని మాట జైల్లో వినబడింది. మనలో ఇంట్లోనో, పొలంలోనో, సంఘంలోనో, ఆఫీసులోనో నలుగురి మీద పెత్తనం ఉన్న ప్రతివారూ ఈ సంగతి గుండెల్లో దాచుకోవాలి.

మరణానికి ఓటు వేయని పాస్టరు

ఆ సభలో ఒక ప్రొటెస్టెంటు పాస్టరు కూర్చున్నాడు. పేరు రబో సెంటెత్యెన్. ఆయన తండ్రి పాల్ రబో కూడా పాస్టరే. వారి రోజుల్లో ఫ్రాన్సులో ప్రొటెస్టెంటు ఆరాధన నేరం. అడవుల్లో, కొండల మధ్య దొంగచాటుగా కూడికలు జరిగేవి. వారి పెళ్లిళ్లు లెక్కలోకి రావు, పిల్లలకు చట్టం ముందు తండ్రి పేరు ఉండదు. 1762లో తులూజ్ నగరంలో ఒక పాస్టరును పాస్టరుగా పనిచేసిన నేరానికే ఉరి తీశారు.

ఆ పరిస్థితిని కొంతైనా మార్చిన చట్టం మీద 1787లో సంతకం చేసింది ఈ లూయీనే. ప్రొటెస్టెంట్ల పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు ప్రభుత్వ లెక్కలోకి ఎక్కాయి. దానికోసం రబో పారిస్ వచ్చి కష్టపడ్డాడు. అయినా ఆయన రాజుకు భజన చేయలేదు. 1789 ఆగస్టులో సభలో లేచి, మమ్మల్ని సహించండి అని కాదు, మా స్వేచ్ఛ మాకివ్వండి, మాకే కాదు అందరికీ ఇవ్వండి అని వాదించాడు. చిన్న మందగా బతుకుతున్న మనకు ఆ మాట విలువ తెలుసు.

రాజు విచారణ వచ్చినప్పుడు ఆయన వేరే దారి పట్టాడు. శాసనం చేసేవారే తీర్పరులైతే అదీ నిరంకుశత్వమే, రాజు చేతిలో ఉన్నదాన్ని మనం మన చేతుల్లోకి తీసుకున్నట్టేనని హెచ్చరించాడు. ఆయన మరణానికి ఓటు వేయలేదు. తర్వాతి ఏడాదిలో ఆయన పక్షం ఓడిపోయింది. దాక్కున్నాడు, దొరికాడు. 1793 డిసెంబరు 5న ఆయన తల కూడా తీశారు.

ఆ 1787 చట్టం కోసం పాటుపడ్డ మాల్షెర్బ్ అనే పెద్దాయన 70 ఏళ్లు దాటిన వయసులో రాజు తరఫున వాదించడానికి తానే ముందుకొచ్చాడు. 1794 ఏప్రిల్‌లో ఆయన్నీ, ఆయన కూతుర్నీ, మనవరాలినీ కూడా చంపారు. ఇక రాజు చావాల్సిందేనని గట్టిగా వాదించిన రోబెస్పియర్ సంగతి. 1791లో మరణశిక్షే వద్దని సభలో మాట్లాడింది ఈయనే. దేశం కోసం ఈ ఒక్కసారికి అనుకున్నాడు. ఒక్కసారితో ఆగలేదు. ఏడాదిలోపు సుమారు 17,000 మందికి మరణశిక్షలు పడ్డాయి. 1794 జూలై 28న ఆయన కూడా అదే యంత్రం కింద పడుకున్నాడు. కత్తి పట్టినవారు కత్తితోనే పోతారని ప్రభువు పేతురుకు చెప్పిన సంగతి మనకు తెలియనిది కాదు.

ఆ చిన్నవాడు ఏం చేశాడు?

రాజు చనిపోయిన రోజు ఆయన కొడుక్కి ఏడేళ్లు. ఆ జూలైలో వాణ్ణి తల్లి దగ్గర నుంచి లాక్కున్నారు. అక్టోబరు 16న తల్లిని చంపారు. తర్వాత నెలల తరబడి వాణ్ణి ఒంటరి గదిలో పెట్టారు. జబ్బుపడి 1795 జూన్ 8న చనిపోయాడు, పదేళ్ల వయసులో. ఉప్పు పన్ను వాడు వేశాడా? రహస్య ఉత్తరాలు వాడు రాశాడా?

యెహెజ్కేలు 18వ అధ్యాయం మా తాతల కాలం నుంచీ మన సంఘాల్లో చదువుతున్నదే. తండ్రి దోషం కొడుకు మోయడని దేవుడే తేల్చి చెప్పాడు. మరి కులాన్ని బట్టి, ఇంటిపేరును బట్టి తరతరాలుగా శిక్ష అనుభవించిన మన పేటలవారికి ఇది అందరికన్నా బాగా తెలియాలి కదా! ఫలానా ఇంట్లో పుట్టావు కాబట్టి నువ్వు తక్కువ అన్న మాటే మనల్ని వందల ఏళ్లు బావి గట్టు ఎక్కనివ్వలేదు. ఆ మాటను మనం ఇంకొకరి బిడ్డ మీద విసరవచ్చునా?

ఫలితాల మరునాడు మేము, అమ్మగారు కలిసి ఆ ఇంటికి వెళ్లాము. పెద్దాయన మాతో ఏమీ మాట్లాడలేదు. మనవరాలు మాత్రం గుమ్మంలో నిలబడి, "మా తాతయ్య చేసినదానికి నన్నెందుకండి ఆ మాటలన్నారు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ వ్యాసం.

కొత్త దూడలు

షెకెము కథ యరొబాముతో అయిపోలేదు. జనం పక్షాన నిలిచి రాజైన ఆ మనిషే, జనం చేజారిపోతారేమోనన్న భయంతో రెండు బంగారు దూడలు చేయించి మొక్కమన్నాడు. ఫ్రాన్సులోనూ అదే జరిగింది. 1793 నవంబరు 10న పారిస్ పెద్ద గుడిలో హేతువు అనే కొత్త దేవతకు పండుగ చేశారు. 1804 డిసెంబరు 2న నెపోలియన్ అదే గుడిలో చక్రవర్తి కిరీటం పెట్టుకున్నాడు. 1814లో చనిపోయిన రాజు తమ్ముడే వచ్చి గద్దెనెక్కాడు. రాజు తల తీస్తే రాజరికం చావలేదు. అది మన లోపల ఉంటుంది కాబట్టి.

ఆ విప్లవంలో మంచే లేదని మేము అనడం లేదు. మనుషులంతా సమానహక్కులతో పుడతారన్న ప్రకటన 1789 ఆగస్టులో వచ్చింది. ప్రభువర్గపు హక్కులు రద్దు చేస్తున్నామని ప్రకటించింది ఆగస్టు 4 రాత్రే. 1794లో తమ వలస దీవుల్లో బానిసత్వాన్ని కూడా రద్దు చేశారు, ఎనిమిదేళ్లకు నెపోలియన్ మళ్లీ తెచ్చిపెట్టాడు. మొదటి రెండు మేళ్లూ రాజు బతికుండగానే వచ్చాయని గమనించండి. వాటికి ఆయన తల ఖరీదు కాలేదు.

మన నేల మీద రాజులు ఎలా దిగారు?

మన ఊరి భీమేశ్వరాలయం రాళ్ల మీద చాళుక్యులు, చోళులు, ఇంకా ఎందరెందరో రాజుల కాలపు శాసనాలు చెక్కి ఉన్నాయి. ఆ రాజులెవరూ ఇప్పుడు లేరు. ఇక దగ్గరి కాలానికి వస్తే, పిఠాపురంలాంటి జమీందారీలను 1948లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం రద్దు చేసింది. మాజీ రాజుల భరణాలు 1971లో రాజ్యాంగ సవరణతో పోయాయి. తరతరాలుగా వారసత్వంగా ఊళ్లను ఏలిన కరణం, మునసబు పదవులు 1984లో ఆర్డినెన్సుతో పోయాయి. ఈ పనుల కోసం ఎవరి తలా బల్ల మీద పెట్టలేదు. పిఠాపురం రాజావారి పేరిట కాకినాడలో ఉన్న కాలేజీలో మన పిల్లలు చదువుకుంటున్నారు.

"జమీందారీ పోయింది సరే, భూమి మా పేటకు వచ్చిందా?" అని మీరడగవచ్చు. చాలామందికి రాలేదు, అది నిజం. చట్టం నత్తనడక నడుస్తుంది. ఆ తల్లి ఆరేళ్లు తిరిగిందంటే అదే కారణం. కానీ నెమ్మదిగా నడిచే చట్టాన్ని తోసి నడిపించవచ్చు, ఒకసారి పోయిన ప్రాణాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ గారు చేసిన ప్రసంగంలో రెండు హెచ్చరికలు మనకు చాలా అవసరం. ఒకటి, ఇక మీదట రక్తపాత మార్గాలు విడిచిపెట్టాలని. రెండు, రాజకీయాల్లో నాయకుల మీద భక్తి పనికిరాదు, అది నియంతృత్వానికి దారి అని. ఈ రెండూ జంట. మనమే ఒక మనిషిని దేవుణ్ణి చేసి పాలాభిషేకాలు చేస్తాం, మనమే అతను పడిన రోజు రాళ్లు వేస్తాం. పూజ చేసిన చేయీ రాయి వేసిన చేయీ ఒకటే. నడుమ ఉన్న కాలంలో లెక్క అడగాల్సిన నోరు మాత్రం మూసుకుని ఉంటుంది.

ఏం చేద్దాం?

ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయంలో దేవుడు రాజుకొక పని పెట్టాడు. ధర్మశాస్త్రాన్ని తన కోసం ఒక ప్రతి రాసుకుని రోజూ చదవాలి, తన సహోదరుల కన్నా తాను గొప్పవాణ్ణని అనుకోకూడదు. రాజు చట్టం కింద ఉండాలి. సమూయేలు ముసలితనంలో జనం ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దు తీసుకున్నానో, ఎవరి దగ్గర లంచం పట్టానో చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. గద్దె దిగే పద్ధతి అది.

మొదట మా నుంచే మొదలుపెడుతున్నాము. మైకు పట్టుకున్న కాపరి కూడా చిన్న రాజు కాగలడు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తర్వాత సంఘం కానుకల జమాఖర్చులు చదువుతాము. ఏ విధవరాలైనా, ఏ కూలి తమ్ముడైనా లేచి ప్రశ్న అడగవచ్చు. అడిగినవారి మీద మాకు కోపం రాకుండా ప్రార్థించండి.

రెండోది, గ్రామసభకు వెళ్లండి. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ జరిగే రోజు కూలి పోతుందని మానకండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, దరఖాస్తు రాయడం రానివారికి మన యవ్వనస్తులు రాసిపెట్టాలి. పెద్దవాడు పడిపోయాక గేటు మీద వేసే వంద రాళ్ల కన్నా, వాడు కుర్చీలో ఉండగా అడిగే ఒక్క ప్రశ్నకే ధైర్యం ఎక్కువ కావాలి.

మూడోది, ఆ నలుగురు తమ్ముళ్లతో మాట్లాడాము. ఆ గేటు మనమే బాగుచేసి వద్దామన్నాము. ముగ్గురు ఒప్పుకున్నారు. ప్రశ్న అడిగిన తమ్ముడు మాత్రం, "ముందు ఆయన మా అమ్మకు సమాధానం చెప్పాలండి" అన్నాడు. ఆ మాటను మేము కొట్టిపారేయలేము. న్యాయం అడగకుండా క్షమాపణ గురించి మాత్రమే బోధించే కాపరి, పీడించినవాడికే కాపరి అవుతాడు. అందుకని ఈ సోమవారం గ్రీవెన్సుకు ఆ తల్లి అర్జీ పట్టుకుని మేము కూడా వెళుతున్నాము. ఆ తమ్ముడు మాతో వస్తున్నాడు. గేటు దగ్గరికి వస్తాడో రాడో తెలియదు. బలవంతం చేయము.

తనంతట తాను దిగిన రాజు

తమ్ముడా, నీ ప్రశ్నకు మా జవాబు ఇది. మరియమ్మ గారి పాట నిజం. దేవుడు బలవంతుల్ని దించుతాడు, దీనుల్ని లేపుతాడు. దించే పనిలో మన ఓటును, మన అర్జీని, మన గొంతును వాడుకుంటాడు. కానీ పగ తీర్చుకునే పని మనకు అప్పగించలేదు, అది తనకే ఉంచుకున్నాడు. రెహబాము మీదికి సైన్యం కాదు, రెహబాము సైన్యమే జనం మీదికి బయలుదేరబోతే, షెమయా ప్రవక్త ద్వారా దేవుడు ఆపాడు. వారు మీ సహోదరులు, ఇళ్లకు తిరిగి వెళ్లండన్నాడు. లక్షమందికి పైగా ఉన్న సేన వెనుదిరిగింది. ఆ ఒక్క రోజున మాత్రం రెహబాము మంచి రాజు.

మనం కొలిచే రాజును కూడా ఒక గుంపు కేకలు వేసి చంపించింది. ఆయన తలపైన ఆయన నేరం రాశారు, రాజు అని. కానీ ఆయన్ని ఎవరూ గద్దె మీద నుంచి లాగలేదు. తానే దిగివచ్చి, తువాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. అటువంటి రాజును నమ్ముకున్నవారి చేతుల్లో ఓడినవాడి గేటు విరగకూడదు. అటువంటి రాజును ప్రకటించేవారు కుర్చీకి అతుక్కోకూడదు.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మా మీద ఉన్నవారు నీకు లెక్క చెప్పాల్సినవారని వారికి తెలియజేయుము. అడగాల్సిన చోట మాకు నోరు ఇమ్ము, ఆగాల్సిన చోట మా చేతులను పట్టుకొనుము. ఆరేళ్లుగా తిరుగుతున్న ఆ తల్లికి గూడు దయచేయుము. తలుపు వెనక భయపడిన ఆ చిన్నబిడ్డకు సమాధానము దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.